పచ్చి కుండ మీద చిన్నత్త

మా అపార్ట్‌మెంటు కింద బండ్లు నిలిపే చోట, మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక, నాలాంటి పెద్ద వయసు ఆడవాళ్ళం కొందరం కూర్చొని చదవడం నేర్చుకుంటున్నాం. నేర్పే పంతులమ్మది నా మనవరాలి వయసు. గుణింతాలు దాటి ఇప్పుడు కథల దాకా వచ్చాం. మొన్న ఒక కథ చదివించింది. అందులో కాళ్ళు చచ్చుబడిన పిల్ల ఒకతె గుడిసెలో మంచం మీదే ఉంటుంది. ఊళ్ళో జరగబోయేదంతా ముందే చెబుతుంది. వాగు పొంగుతుందంటే పొంగుతుంది. ఫలానావాడు పోతాడంటే పోతాడు. చివరికి తన చావు కూడా తనే చెప్పి, నవ్వుతూ కళ్ళు మూస్తుంది.

అందరూ బాగుందన్నారు. పంతులమ్మ నా వైపు తిరిగి, "మీకెట్ల అనిపించింది ఆంటీ?" అంది.

"ఆ పిల్ల అన్నం ఎప్పుడు తిన్నది?" అన్నాను.

అందరూ నవ్వారు. పక్కన కూర్చున్నామె, "నీకెప్పుడు తిండి యావనే" అని నా తొడ మీద చరిచింది. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చి అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ ఆ కథ మళ్ళీ మొదటినుంచి చదివాను. ఎక్కడా లేదు. ఆ పిల్లకు ఎవరు వండిపెట్టారో లేదు, ఎవరు ఎత్తి బయటికి తీసుకుపోయారో, ఎవరు స్నానం చేయించారో లేదు. రాసినాయన ఆమెకు జరగబోయేది తెలిసే శక్తి ఇచ్చాడు గానీ ఒక్క ముద్ద అన్నం ఇవ్వలేదు.

మా ఇంట్లో అట్లాంటి మనిషి ఒకతె ఉండేది. మా నాయన చెల్లెలు. మేం చిన్నత్త అనేవాళ్ళం.

మా ఊరు అప్పటికింకా ఊరే. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర బస్సు దిగి మట్టిబాట పట్టి లోపలికి నడవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమా చూసి వచ్చినవాళ్ళు "పట్నం పోయొచ్చినం" అని చెప్పుకునేవాళ్ళు. ఆ ఏళ్ళలోనే మా చేన్లలోకి కొలతల టేపులు పట్టుకొని మనుషులు రావడం మొదలైంది. జొన్న కోసిన మోళ్ళ మధ్య సున్నం పూసిన రాళ్ళు వరసగా పాతేవాళ్ళు. పక్కవాళ్ళ ద్రాక్షతోట పందిళ్ళు ఒక ఎండాకాలంలో పీకి కుప్ప పోశారు. ఊరి వాసనే మారింది. పేడ, ఎండుగడ్డి, పెనం మీద కాలే జొన్నరొట్టె వాసనల్లోకి తడి సిమెంటు, కొత్త ఇటుక, బండలు పేల్చే మందు వచ్చి కలిశాయి. కొత్తపేట వైపు నుంచి గాలి వీస్తే మార్కెట్టులో మాగి చెడిన బత్తాయిల పులుపు కూడా వచ్చేది.

చిన్నత్త ఇదంతా గడప పక్కన గోనెపట్టా మీద కూర్చొని చూసేది. పసితనంలో వచ్చిన జ్వరానికి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి, వెన్ను ఒక పక్కకు వంగింది. ఇంట్లో చేతుల మీద జరుగుతూ తిరిగేది. వాకిలి దాటాలంటే ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. అప్పటికి ఇరవై దాటి ఉంటాయి. నడవలేకపోయినా గొంతు మాత్రం చౌరస్తా దాకా పోయేది.

"ఏమయ్యా, రాళ్ళు నాటుతున్నరు, మొలుస్తయా?" అని కొలతలవాళ్ళను అరిచి అడిగేది.

"మొలుస్తయక్కా, మేడలు మొలుస్తయ్."

"అయితె కలుపు నువ్వే తీయాలె బిడ్డా. నాతోని కాదు."

తిండి అంటే ఆమెకు ప్రాణం. అమ్మ రొట్టెలు చేస్తుంటే పొయ్యి దగ్గరికి జరిగి కూర్చొనేది. మొదటి రొట్టె ఆమెదే. దాని మీద వెల్లుల్లి కారం పూసి, నువ్వులనూనె చుక్క వేసుకొని, వేడి ఊదుకుంటూ తినేది. మాడిన అంచు నాకు, మెత్తటి నడుమ మా చెల్లెకు విరిచి ఇచ్చేది. చెల్లె అప్పుడప్పుడే నడక నేర్చింది.

"ఒదినా, నీ రొట్టె కోసమన్న నేను నూరేండ్లు బతకాలె" అనేది అమ్మతో.

"బతుకు. ఎవలొద్దన్నరు?" అనేది అమ్మ, పిండి చేతులతోనే చెమట తుడుచుకుంటూ.

ఇంట్లో మా పెద్దనాయనదే మాట. ఆయన వ్యవసాయం వదిలి ప్లాట్ల బేరాలు చేసేవాడు. పాత స్కూటరు ఒకటి కొని దాని మీద పట్నం వాళ్ళను ఎక్కించుకొచ్చి చేన్లు చూపించేవాడు. మా నాయన అన్న వెనక తల వంచుకొని నడిచే తమ్ముడు. నాయనమ్మకు పెద్దకొడుకు ఎంతంటే అంత.

మా ఊరి ఎల్లమ్మకు ఆషాఢంలో బోనాలు ఎత్తిన మరునాడు, ఒక ఆడమనిషి పచ్చి కుండ మీద నిలబడి ఆ ఏడాది ఎట్లుండబోతుందో చెప్పాలి. పచ్చి కుండ అంటే బట్టీలో కాల్చనిది. కుమ్మరి చేసి నీడన ఆరబెట్టింది తెచ్చి, పసుపు కుంకుమలు దట్టంగా పూసి బోర్లిస్తారు. మామూలు మనిషి నిలబడితే పగులుతుంది, అమ్మవారు ఒంటి మీదికి వచ్చిన మనిషి నిలబడితే పగలదు అని నమ్మకం. చాలా ఏళ్ళు నిలబడిన ముసలామె ఆ ఎండాకాలంలో పోయింది. ఆమె కోడలిని తెచ్చి నిలబెట్టారు. బరువు మోపగానే కుండ ముక్కలైంది. డప్పులు ఆగిపోయాయి. కుమ్మరి ఇంకో కుండ తెచ్చిపెట్టాడు గానీ ఏ ఆడమనిషీ ముందుకు రాలేదు. అరిష్టం, అరిష్టం అని గుసగుసలు లేచాయి.

చిన్నత్త అప్పుడు పెద్దనాయన భుజాన ఉంది. పండుగ చూపించడానికి ఎత్తుకొచ్చాడు. ఆ ఎండాకాలమంతా జ్వరంతో పడిలేచిన మనిషి, చేతుల ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. ఎవరో వెనకనుంచి, "గా బిడ్డను నిలబెట్టుండ్రి, పసిపాప అసొంటిది" అన్నారు. పెద్దనాయన ఒక పక్క, పూజారి ఒక పక్క చంకల కింద పట్టుకొని ఆమెను కుండ మీద నిలిపారు. కుండ పగలలేదు.

డప్పులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఊదుపొగలో చిన్నత్త మెడ అటూ ఇటూ తిప్పుతూ, అమ్మ ఎక్కడుందా అని బెదురుగా వెతుక్కుంది. మొక్కు తీరేదాకా ఎవరం ఏమీ తినకూడదు, పొద్దున్నుంచి అందరివీ ఖాళీ కడుపులే.

"చెప్పు తల్లీ! ఏం గావాలె నీకు?" అని పూజారి కేక పెట్టాడు.

"ఆకలైతుంది" అంది చిన్నత్త, ఏడుపు గొంతుతో.

"అమ్మకు ఆకలైతుందట!" జనం చేతులెత్తి మొక్కారు. అప్పటికప్పుడు మేకను తెచ్చి కోశారు. సాయంత్రం ఊరంతా వండుకొని తిన్నది. మా వాకిట్లో కూడా మసాలా వాసన కమ్ముకుంది. చిన్నత్తకు మాత్రం ముక్క పెట్టలేదు. అమ్మవారు దిగిన ఒంట్లోకి నీచు పోకూడదని చెప్పి నాయనమ్మ అరటిపండ్లు చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి గడప దగ్గర గోనెపట్టా లేదు. లోపలి గదిలో కొత్త పరుపు వేశారు, పసుపు చీర కట్టారు. అంతవరకు "కుంటిదానా" అని పిలిచిన పెద్దనాయన మంగళవారం పొద్దున స్నానం చేసి వచ్చి ఆమె పాదాలకు నుదురు ఆనించేవాడు. అది నటన అని నేను ఇప్పటికీ అనుకోను. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగేవి.

మంగళవారం, శుక్రవారం జనం వచ్చేవాళ్ళు. మా ఊరివాళ్ళ కంటే ప్లాట్లు కొనేవాళ్ళు ఎక్కువ. చెప్పులు వాకిట్లో విడిచి, టెంకాయ పట్టుకొని లోపలికి వంగి అడిగేవాళ్ళు.

"తల్లీ, ఆ మూల ప్లాటు తీసుకోమంటావా?"

"నాకేమెరుక నాయనా? మీ ఇంటామెనడుగు."

పక్కనే నిలబడ్డ పెద్దనాయన వెంటనే, "ఇంటి ఇల్లాలి పేరు మీద కొనుమంటుంది అమ్మ" అనేవాడు. వచ్చినతను కళ్ళకద్దుకొని స్కూటరెక్కేవాడు.

వాళ్ళు పోయాక చిన్నత్త నన్ను పిలిచి, "గా మనిషి పెండ్లాం నన్ను తిట్టుకుంటదో మొక్కుతదో" అని నవ్వేది. అప్పటికింకా నవ్వేది.

తిండి తగ్గించడం ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తులేదు. వానలు వెనకపట్టాక అనుకుంటాను. జ్వరం తగ్గి, అమ్మ చేతి రొట్టెలు తిని, చిన్నత్త ముఖం కాస్త తేటపడింది. పెద్దనాయన అది చూశాడు.

"ఇగ ఒంటిపూట పెట్టుండ్రి" అన్నాడు నాయనమ్మతో. "పానం బరువైతె వచ్చే యాడాది కుండ ఆగది. కుండ ఆగకుంటె ఊరికి అరిష్టం. ఆ కోడలు నిలబడ్డప్పుడు చూడలేదా?"

రొట్టె ఆగిపోయింది. పొద్దున గ్లాసెడు పాలు, పగలు చారెడు పెరుగన్నం. రాత్రి ఏమీ లేదు.

"బావా, ఒక్క రొట్టె పెడ్త. పాపం ఏడ్వవట్టింది" అంది అమ్మ.

"నీకు తెల్వది. అది ఇప్పుడు నీ ఆడబిడ్డ కాదు. అమ్మ."

అమ్మ మా నాయన ముఖం చూసింది. "అన్న చెప్పిండు గదా" అని ఆయన భుజం మీద తువ్వాల వేసుకొని బయటికి పోయాడు.

నేను పక్కన కూర్చుంటే చిన్నత్త నా చేయి వాసన చూసేది. "ఇయ్యాల పచ్చిపులుసు తిన్నవ్ గదనే. ఉల్లిగడ్డ ఎక్కువేసింది మీ అమ్మ" అనేది. "దేవతనైతె మంచిగ తింటననుకున్న. గీ దేవతకు పొయ్యి కూడ దూరం చేసిన్రు."

ఆ చలికాలంలో మా ముందరి గది కిరాయికి ఇచ్చారు. గుంటూరు వైపు వాళ్ళు. ఆయనకు ఆబిడ్స్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం. మా పాత చేనులోనే ప్లాటు కొని ఇల్లు కట్టుకుంటున్నారు. ఆమెను మేం పిల్లలం గుంటూరమ్మ అనేవాళ్ళం. ఆమె పొయ్యి మీద నుంచి ఇంగువ, నెయ్యి, వేయించిన మినుముల వాసనలు వచ్చేవి. ఆ వాసనలు మాకు కొత్త. చెల్లె వాటి వెంటే ఆమె గుమ్మంలోకి పోయి కూర్చొనేది.

ఒకరోజు ఆమె నన్ను ఆపింది. "ఏమ్మా, మీ అత్తకి ఒంట్లో బాగోలేదా? మధ్యాహ్నం పూట ఏడుపు వినబడుతోంది."

నేను కుండ సంగతి చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"అంటే, ఒళ్ళొస్తే కుండ పగులుతుంది. పగిలితే ఇంక ఆ అమ్మాయిని నిలబెట్టరు. అంతేనా?"

నాకు అట్లా తోచలేదు ఎప్పుడూ. పరిగెత్తుకుపోయి చిన్నత్తకు చెప్పాను. ఆమె పరుపు మీద మోచేయి ఆనించి లేచింది. కళ్ళు ఇంతింత చేసుకొని నన్ను చూసింది.

"గంతేనా? తింటె అయిపాయె గదనే!"

ఆ తర్వాత నెలలే మా బాల్యంలో దొంగతనాల కాలం. గుంటూరమ్మ సున్నుండలు చుట్టి ఇచ్చేది. "ఇవి తింటే ఎముకల్లోకి బలం వస్తుంది, ఒకటి నువ్వు తిను, రెండు ఆవిడకివ్వు" అనేది. నేను లంగా మడతల్లో పెట్టుకొని దొడ్డి వైపు నుంచి లోపలికి దూరేదాన్ని. ఉడకబెట్టిన గుడ్డు చెల్లె ఉన్నిటోపీలో పెట్టి దాన్ని ముందు నడిపించేదాన్ని. అమ్మకు మేం ఏమీ చెప్పలేదు. కానీ ఆమె రోజూ ఒక రొట్టె ఆ గది ముందున్న గూట్లో మరిచిపోయేది. మరిచిపోయిన రొట్టెకు కారం, నూనె పూసి ఉండేవి.

చిన్నత్త తలుపు మూసుకొని తినేది. తొందరపడేది కాదు. సున్నుండను నాలుక మీద పెట్టుకొని కరిగేదాకా కళ్ళు మూసుకునేది. తర్వాత చీర పైకి జరిపి నాకు తొడ చూపించేది.

"సూడు, నీ చెయ్యంతయింది. ఇంకో రెండు నెలలైతె నీ మెడంత."

"కుండ పగిలినంక ఏం చేస్తవ్ అత్తా?"

"గోనెపట్టా మీద కూసుంట. ఇగ నాకు చేసేదేమున్నది? మీ అమ్మ పొయ్యి ముంగట కూసుంట."

ఆమె కోరుకున్నది అదే. అంతకు మించి ఒక్క మాట కూడా నేను వినలేదు.

ప్రతి మంగళవారం పెద్దనాయన ఆమెను చేతుల మీద ఎత్తుకొని గుడికి తీసుకుపోయేవాడు. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఆమెను ఎత్తి, అడుగు వేయకుండా ఆగాడు. చేతుల్లో కాస్త పైకి లేపి, దించి, కళ్ళు మూసుకొని చూసుకున్నాడు. బేరమాడేవాడు కోడిని చూసుకున్నట్టు.

"బరువెక్కినవ్."

"మీ అందరి పాపాలు మోస్తున్న గదన్నా" అంది చిన్నత్త.

ఆ రోజు పెద్దనాయన నవ్వాడు. తర్వాతి మంగళవారం నవ్వలేదు. పరుపు అంచు నుంచి గోడ దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. పరుపు లేపాడు. కింద సున్నుండ పొడి, గుడ్డు పెంకు. ఎవరు పెట్టారని నన్ను అడిగితే నేనే తిన్నానన్నాను. చెల్లె మాత్రం ముందరి గది వైపు చేయి చూపి, "లడ్డు" అంది. దానికేం తెలుసు.

పెద్దనాయన ఆ గుమ్మంలో నిలబడ్డాడు. "మా ఇంటి దేవత జోలికి రాకుండ్రమ్మా. మీరు కిరాయికున్నోళ్ళు."

"దేవతే అయితే ఆకలితో ఎందుకు మాడుస్తున్నారండీ?"

"మీ దిక్కు దేవతలు తింటరేమొ. మా దిక్కు ఉపాసముంటరు."

ఆ వారమే వాళ్ళు గది ఖాళీ చేసి, తలుపులు బిగించని తమ కొత్త ఇంట్లోకి పోయారు. గుమ్మాలకు గోనెసంచులు కట్టుకొని ఉన్నారు. చిన్నత్త గదికి తాళం పడింది. తాళంచెవి నాయనమ్మ కొంగుకు కట్టుకుంది. పెరుగన్నం కూడా పోయి పాలు మాత్రమే మిగిలాయి. అయినా ఎక్కిన ఒళ్ళు పెద్దనాయన అనుకున్నంత తొందరగా దిగలేదు. పండుగ దగ్గరపడుతుంటే ఆయన వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఈసారి కొత్త కాలనీల వాళ్ళంతా వస్తారు. వాళ్ళ ముందు కుండ పగిలితే ఆయన మాటకు ఇంకెక్కడా విలువ ఉండదు.

పండుగ మరునాడు చిన్నత్తను గుడికి ఎత్తుకుపోయే ముందు అమ్మ ఆమెకు జడ వేసింది. నేను పూలు అందిస్తున్నాను. చిన్నత్త నా చెవి దగ్గరికి వంగింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"ఇయ్యాల పగుల్తది సూడు. నాకు తెలుస్తనే ఉన్నది. పొద్దుగూకినంక రొట్టెలు చెయ్యమని చెప్పు మీ అమ్మకు. నాకు రెండు."

అమ్మ విన్నది. జడ గట్టిగా బిగించి కట్టింది.

గుడి ముందు అంత జనాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. స్కూటర్లు బాటకు రెండు వైపులా నిలబెట్టారు. గుంటూరమ్మ కూడా వచ్చింది, వెనక వేపచెట్టు మొదట్లో నిలబడింది. పసుపు పూసిన కుండ బోర్లించి ఉంది. పెద్దనాయన, పూజారి చిన్నత్తను దాని మీద నిలిపారు. నిలపగానే ఆమె వాళ్ళ భుజాల మీదున్న తన చేతులు వదిలేసింది. ఉన్న బరువంతా కిందికి వదిలింది. మోకాళ్ళు మడతపడి కుండ మీద కూలబడినట్టు కూర్చుంది.

కుండ పగలలేదు. ఖంగుమంది.

చిన్నత్త ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె వంగి, వేలి మెటికలతో కుండను కొట్టింది. మళ్ళీ ఖంగుమంది. మట్టి ఇళ్ళల్లో పెరిగిన ఎవరికైనా ఆ చప్పుడు తెలుసు. కాల్చని కుండ అట్లా మోగదు. ఆమె తలెత్తి పెద్దనాయన వైపు చూసింది.

"కాల్చిన్రు" అంది. "కుండ కాల్చిన్రు."

"ఏమన్నది? ఏమన్నది అమ్మ?" అని జనం ఒకరినొకరు అడిగారు.

"కాల్చిన్రంటుంది. ఈ యాడాది ఎండలు మండిపోతయన్నట్టు."

"ఎండలు కాదు, ఇండ్లు. గ్యాసుపొయ్యిలోళ్ళు జర భద్రం."

"బట్టీ పెట్టుమంటుంది! ఇటుకబట్టీ!" అని ఒకతను ముందుకొచ్చి సాష్టాంగపడ్డాడు. "నేనడుగుదామనుకున్న మాట అడగకముందే చెప్పింది తల్లి!"

"నేను కుండ సంగతి చెప్తున్న!" చిన్నత్త గొంతు చించుకుంది. "ఇది పచ్చి కుండ కాదు. మా అన్నే కాల్పిచ్చిండు. ఎవలన్న ఒచ్చి కొట్టి సూడుండ్రి!"

అమ్మవారు నిలిచిన కుండను ఇంకొకరు తాకితే మైల. ఒక్క మనిషి కదలలేదు. వెనకనుంచి గుంటూరమ్మ, "ఆవిడ చెప్పేది వినండయ్యా, మామూలు మాటే కదా చెబుతోంది!" అని అరిచింది. పక్కవాళ్ళు ఆమెను కసిరి కూర్చోబెట్టారు. పెద్దనాయన డప్పులవాళ్ళ వైపు చేయి ఊపాడు. ఆ తర్వాత చిన్నత్త నోరు కదలడం కనబడింది గానీ ఏమన్నదో ఎవరికీ వినబడలేదు.

కుమ్మరి భార్య ఆ తర్వాత చేతిపంపు దగ్గర అమ్మకు చెప్పింది. పెద్దనాయన ముందురోజే వచ్చి ఆ ఒక్క కుండను బట్టీలో పెట్టించి, పసుపు మందంగా పూయించుకుపోయాడట.

ఇంటికి తెచ్చి పరుపు మీద పడుకోబెట్టాక చిన్నత్త అడిగింది. "ఎందుకు కాల్పిచ్చినవ్ అన్నా?"

పెద్దనాయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "పగిలితె ఆ జనం నిన్ను ఊకుంటరా? ముండ అబద్ధమాడిందని రాళ్ళేస్తరు. నీ కోసమే చేసిన."

"నా కోసం ఒక రొట్టె చెయ్యకపోతివి" అంది చిన్నత్త. అంతే, గోడ వైపు తిరిగింది.

అమ్మ ఆ సాయంత్రం ఎవరినీ అడగలేదు. రెండు రొట్టెలు చేసి, కారం పూసి, నాయనమ్మ ముందునుంచే ఆ గదిలోకి పోయింది. నాయనమ్మ పక్కకు జరిగింది. చిన్నత్త ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది, నమిలింది. చివరికి అమ్మ చేతిలో ఉమ్మేసింది.

"దిగుతలేదొదినా. గొంతుల ఏదో అడ్డం పడుతున్నది."

మరునాడు గంజి పెట్టినా అంతే. పాలూ అంతే. ఆకలి చంపుకొని చంపుకొని కడుపు తినడం మరిచిపోయింది. జ్వరం మొదలైంది. సంగతి విని గుంటూరమ్మ ఆటో తీసుకొని వచ్చింది. పెద్ద దవాఖానకు తీసుకుపోతానంది. అమ్మ అప్పటికే చిన్నత్తను దుప్పట్లో చుట్టింది. పెద్దనాయన గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మ ఉన్న ఒంట్ల సూది పొడిపిస్తరా? సూది పడితె అమ్మ ఎల్లిపోతది. నన్ను దాటి తీస్కపోండ్రి."

అమ్మ మా నాయనను చూసింది. దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నాయన అన్నను చూశాడు, తర్వాత నేల చూశాడు. ఆటో కాసేపు వాకిట్లో చప్పుడు చేసి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే నేను ఆమెను అడిగాను. తడిగుడ్డ నుదుటి మీద మారుస్తూ అడిగాను. "అత్తా, నీకు నిజంగ ముంగట అయ్యేది కనిపిస్తదా?"

ఆమె నా వైపు తల తిప్పింది. "నడిచేటోళ్ళు మీరు. ముంగట ఏమున్నదో మీరు సూసుకోవాలె. నేను కూసున్నదాన్ని. నాకు ఉన్నదే కనిపిస్తది."

వానలు పోయి ఇంకా చలి రాకముందే ఒక పొద్దున అమ్మ పెనం పెట్టి, మొదటి రొట్టె తిప్పి, ఎందుకో లేచి ఆ గదిలోకి పోయింది. అక్కడినుంచి కేక వేయలేదు. తిరిగి వచ్చి, పొయ్యిలో నీళ్ళు పోసి కూర్చుంది. అప్పుడు మాకు అర్థమైంది.

అమ్మవారు పిలుచుకుందన్నారు జనం. పెద్దనాయన గుండెలు బాదుకొని ఏడ్చాడు. గుడి పక్కనే సమాధి కట్టించాడు.

ఆ చలికాలం చెల్లెకు విరేచనాలు పట్టుకున్నాయి. బొద్దుగా ఉండేది, చిక్కిపోయింది. ఒక మంగళవారం పెద్దనాయన గుడి నుంచి వచ్చి, ప్రసాదం నా చేతిలో పెట్టి, ముద్దు చేస్తూ చెల్లెను ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు ఆగాడు. చేతుల్లో కాస్త పైకి లేపి దించి, కళ్ళు మూసుకున్నాడు.

"చిన్నది తేలికనే ఉన్నదే అవ్వా" అన్నాడు నాయనమ్మతో.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. పెనం మీద రొట్టెను అట్లాగే వదిలి లేచింది. పెద్దనాయన చేతుల్లోంచి చెల్లెను తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. రెండో చేత్తో నా రెక్క పట్టుకుంది.

"ఏడికి?" అన్నాడు పెద్దనాయన.

"మా అమ్మగారింటికి."

"ఎందుకే? ఏమైంది?"

"పిల్లకు అన్నం పెట్టనీకి."

మేం అల్మాస్‌గూడ దాకా నడిచిపోయాం. దారంతా పాతిన రాళ్ళు, సగం లేచిన గోడలు, కంకర కుప్పలు. అమ్మ ఒక్కచోట కూడా కూర్చోలేదు. నాయన చాలా రోజుల తర్వాత వచ్చాడు. వచ్చి వాకిట్లో నిలబడితే అమ్మ లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. కంచంలో అన్నం పెట్టి బయట పెట్టింది. ఆయన తిని అక్కడే ఉండిపోయాడు.

తర్వాత అమ్మ కొత్త కాలనీల్లో ఇటుకలు మోసింది. నా తల కూడా తట్ట మోసేంత ఎదిగాక నేనూ మోశాను. బడి ఇళ్ళు కూడా కట్టాం. లోపల కూర్చోలేదు. అందుకే ఇప్పుడు ఈ వయసులో వేలు పెట్టి చదువుతున్నాను.

ఆ గుడి ఇప్పుడు పాలరాతిది. కిందటేడు మెట్రో దిగి షేర్ ఆటోలో పోయి చూసి వచ్చాను. చిన్నత్తకు ఫొటో లేదు, ఎవరూ తీయించలేదు. అందుకని గోడ మీద బొమ్మ వేయించారు. బొద్దు బుగ్గలు, బలమైన కాళ్ళు, కుండ మీద నిటారుగా నిలబడి ఉంది. ఏమేం ముందే చెప్పిందో పక్కన రాసి ఉంది. కూడబలుక్కుంటూ చదివాను. ఎండలు చెప్పిందట. కాలనీలు వస్తాయని చెప్పిందట. ఆకలైతుందని చెప్పిన సంగతి లేదు.

మా చెల్లె ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడేంత మనిషి. డాక్టర్లు బరువు తగ్గమంటారు. అమ్మ ఉన్నన్నాళ్ళు ఆ మాట ఎవరు అన్నా ఊరుకోలేదు. చివరి రోజుల్లో ఆమెకు మాట పడిపోయింది, మమ్మల్ని కూడా పోల్చుకోవడం తగ్గింది. అయినా చెల్లె వచ్చి పక్కన కూర్చుంటే చేయి చాపేది. చెల్లె మణికట్టును తన బొటనవేలితో, నడిమి వేలితో చుట్టి చూసేది. రెండు వేళ్ళూ కలవకపోతే నిమ్మళంగా కళ్ళు మూసుకునేది.